బాల్కనీ మూల ఎండ

గుండీలమ్మ అనే పేరు ఆమెకు వీధి పెట్టింది. చొక్కాలకు గుండీలు కుడుతుంది కాబట్టి అని కొందరు, ఆమె బాల్కనీలో గులాబీలు గుండీలంతే ఉంటాయి కాబట్టి అని కొందరు. ముందు గదిలో కుట్టు మిషను, దానికి ఎదురుగా బాల్కనీ తలుపు, తలుపవతల జానెడేసి గులాబీ మొక్కలు. ఆకు చూస్తే చిటికెనవేలి గోరంత. పువ్వుకి మాత్రం పెద్ద గులాబీకుండే వయ్యారమంతా ఉంటుంది, ఒక్క రేకు తగ్గదు.

మొదట్లో ఒక్కటే మొక్క. పాత పెయింటు డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ఇసుక కలిపిన మట్టి నింపి నాటింది. పూత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి కదా, కత్తిరించింది. చిక్కంతా అక్కడే వచ్చింది. కత్తిరించిన కొమ్మను పారేయడం ఆమెకు చేతకాలేదు. గుడ్డపీలిక కూడా పారేయని చెయ్యి మరి. ఆ కొమ్మను తడి ఇసుకలో గుచ్చి, పైన సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించింది. వేళ్ళు వచ్చాయి. ఇంకో డబ్బా వెతికింది. అది పెరిగితే మళ్ళీ కత్తిరింపు, మళ్ళీ డబ్బా. "చిన్నవే కదా, ఎంత చోటు తింటాయి?" అనేది ఎవరడిగినా.

నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, ఇటుకల మీద పలకలు, ఆ పలకల మీద మళ్ళీ డబ్బాలు. చిన్న మొక్కలు పెంచేవాళ్ళకే సాధ్యమయ్యే పొరపాటు ఇది. పెద్ద కుండీ ఒక్కటి ఎత్తి పెట్టాల్సి వస్తే ఎవరైనా బరువు గురించి ఆలోచిస్తారు. జానెడు మొక్కకి బరువేమిటి? అలా అనుకుంటూనే అన్ని డబ్బాల మట్టి పైకి చేర్చింది, చేర్చిందాన్ని రోజూ తడిపింది.

దానికి తోడు ఇంకో ఘనకార్యం కూడా చేసింది మహాతల్లి. నీళ్ళు పోసినప్పుడల్లా మట్టినీళ్ళు బాల్కనీ తూములోంచి కింది అంతస్తు టీచరమ్మ ఆరేసిన బట్టల మీద పడేవి. టీచరమ్మ ఒకసారి మెత్తగానే చెప్పింది. గుండీలమ్మకి మొహం చెల్లలేదు. తిన్నగా వచ్చి తూములో గుడ్డలు కుక్కేసింది. అప్పటి నుంచి టీచరమ్మ బట్టలు శుభ్రంగా ఆరాయి, బాల్కనీలో మాత్రం నీళ్ళు నిలిచేవి. సాయంత్రానికి ఆరిపోయేవి కదా, ఇక ఆమె వాటి సంగతి పట్టించుకోలేదు.

ఇక అత్త. భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి కావడంతో ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. అత్తది భారీ శరీరం, మోకాళ్ళ నొప్పులు, చేతిలో కర్ర. ఆ మోకాళ్ళకి ఎండ కావాలి. గులాబీలకీ ఎండ కావాలి. బాల్కనీలో ఎండ బాగా పడేది చివరి మూల ఒక్కటే! మొన్న ఒక మొక్క మొదటిసారి మొగ్గ తొడిగితే, దానికి ఎండ చాలదేమోనని కోడలు అత్త కుర్చీని నీడలోకి జరిపింది. ఆ మాట మొహాన చెప్పడానికి నోరు రాక ఒక అబద్ధం ఆడింది.

"పైన పెచ్చులూడుతున్నాయి అత్తయ్యా, మీ మీద పడతాయని జరిపాను."

అత్త తలెత్తి చూసింది. పైన సున్నం నున్నగా ఉంది.

"నాకంటే ఆ డబ్బా ఎక్కువైందన్నమాట" అంది అత్త. అని ఊరుకోకుండా కుర్చీ తనే ఈడ్చుకుంటూ మళ్ళీ మూలకి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పొద్దున ఆ కుర్చీలో కూలబడితే తిండికి తప్ప లేవడం మానేసింది ఆవిడ. ఎండ మాడ్చేస్తున్నా సరే, పంతం పంతమే.

అలాంటి ఒక మధ్యాహ్నం. వేడిగా ఉందని గుండీలమ్మ డబ్బాలన్నిటికీ అడుగు దాకా తడిసేలా నీళ్ళు పోసి, మిషను ముందు కూర్చుని ఒక చొక్కా అరిగిన కాలరు విప్పి తిరగేసి కుడుతోంది. దారం తెగింది. సూదిలోకి ఎక్కిద్దామని వెలుతురు వైపు తిరిగితే, బాల్కనీ నేల మీద నిలిచిన నీళ్ళు కదులుతూ కనిపించాయి. తలుపు వైపుగా, గోడ వైపుగా పారుతున్నాయి. తూము ఉన్నది ఆ చివర. దాన్ని మూసింది తన చేతులే. మరి ఈ నీళ్ళెటు పోతున్నాయి?

లేచి గడప దగ్గర వంగి చూసింది. బాల్కనీ నేల గోడతో కలిసే చోట, ఆ కొస నుంచి ఈ కొస దాకా నెర్రె. వేలు దూరేంత ఉంది. నీళ్ళన్నీ అందులోకే గుటకలు వేస్తూ దిగిపోతున్నాయి. లోపల ఇనుప చువ్వ ఒకటి తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచి కనిపించింది. 

కింద నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "ఏమండీ, పైన ఏం కొడుతున్నారు? మా మీద సిమెంటు రాలుతోంది!"

"అక్కా, లోపలికి పో! కింద ఎవర్నీ నిలబడనివ్వకు, పిల్లల్ని పిలిచెయ్యి!" అని అరిచింది గుండీలమ్మ.  కింద తలుపు దడాలున పడింది.

మూలన కుర్చీలో అత్త కళ్ళు మూసుకుని ఉంది. కుర్చీకి ముందు డబ్బాలు, పక్కన డబ్బాలు, గడప దాకా డబ్బాలే. అడుగు పక్కన అడుగు పెట్టేంత సందు మాత్రం మిగిలింది.

"అత్తయ్యా, లోపలికి రండి."

అత్త కళ్ళు తెరవలేదు.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, లేచి రండి. గోడ దగ్గర పగులిచ్చింది."

"మొన్న పెచ్చులు, ఇవాళ పగుళ్ళు" అంది అత్త తీరిగ్గా. "ఇవాళ ఏ మొక్కకి ఎండ చాలడం లేదే?"

"ఒట్టు అత్తయ్యా, నిజంగానే..."

"నీ ఒట్లు నీ దగ్గరే పెట్టుకో. నేనిక్కడి నుంచి కదిలేది లేదు."

ఇక మాటలతో పని కాదని, చెయ్యి పట్టుకుని లాక్కొద్దామని గుండీలమ్మ ఒక కాలు గడప దాటించింది. పాదం కింద కర్రుమంది. కింద ఏదో పెళ్ళ టీచరమ్మ వాకిట్లో పడి పగిలిన చప్పుడు. కాలు వెనక్కి తీసేసుకుంది. తన బరువు కూడా తోడైతే?  తాను చేసిన పాపానికి ఈ ముసలామె ప్రాణం పోతుంది, అందులో సందేహమేం లేదు. ఎంత వంకర బుద్ధి తనది! ఎండ కోసం మనిషిని జరిపింది.

గడప లోపలే మోకాళ్ళ మీద కూర్చుని, చేతికందిన డబ్బాను పట్టుకుంది. దారి చెయ్యాలి, బరువు తగ్గించాలి. అలవాటు పాడుగాను, మొదటి డబ్బాను రెండు చేతులా పొదివి పట్టుకుని, గదిలో గోడవారగా నిటారుగా నిలబెట్టింది.

"సర్దుకో, బాగా సర్దుకో" అని నవ్వింది అత్త.

ఆ నవ్వుతో గుండీలమ్మ ఒళ్ళు మండిపోయింది. అత్త మీద కాదు, తన మీద తనకి. రెండో మొక్కను మొదలు పట్టి పెరికి, వెనక్కి విసిరింది. మట్టిగడ్డ మిషను కాళ్ళకి తగిలి పగిలింది. డబ్బాను ఇంకో పక్కకి గిరాటేసింది. ముళ్ళు గీరుకుని అరచేతులు ఎర్రబడ్డాయి. పెరకడం, విసరడం, పెరకడం, విసరడం.

అత్త కళ్ళు తెరిచి చూసింది. ఆ చేతులు ఆవిడ ఎరగనివి కావు. ఆకుల అడుగున ఎర్ర నల్లి పురుగు చేరిందని, తడి దూదితో ఆకు ఆకూ తుడిచిన చేతులు. రాలిన రేకుని కూడా ఏరి పక్కన పెట్టే చేతులు. ఇప్పుడు ఆ చెయ్యి మొగ్గ తొడిగిన మొక్క మీద పడింది.

"ఏమే, అది మొగ్గది!" అంది అత్త, తనకి తెలియకుండానే.

"పోతే పోయింది, మీరు లేవండి!" అని గావుకేక పెట్టింది కోడలు. మొగ్గ తెగి ఎక్కడో పడింది. ఆమె అటు చూడనే లేదు.

 అత్త కర్ర ఊతంగా పెట్టుకుని లేచి నిలబడింది.

"గోడని రాసుకుంటూ రండి అత్తయ్యా. కర్రతో పొడవకండి, మెల్లగా ఆనించండి. అంతే, అంతే."

అత్త ఒక్కో అడుగూ ఆనించి ఆనించి వేసింది. సగం దూరం వచ్చేసరికి అత్త కాళ్ళ కింద ఎక్కడో టక్ మంది. అత్త అక్కడే కొయ్యబారిపోయింది. 

గుండీలమ్మ గదిలో బోర్లా పడుకుని, ఒక చేత్తో మిషను కాలు గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి బయటికి చాపింది. భుజం గడప దాటింది.

"నువ్వు రాకు" అంది అత్త. "నువ్వు రాకే. పోతే నేనొక్కదాన్నే పోతాను."

"మీరు పోయాక నేనెవరితో పోట్లాడాలి? చెయ్యివ్వండి!"

అత్త కర్ర వదిలేసి ముందుకి ఒరిగింది. చెయ్యి చెయ్యిలో పడింది. గుండీలమ్మ ఉన్న బలమంతా పెట్టి లాగింది. మిషను కదిలి పక్కకి ఒరిగింది గాని, అత్త గడప లోపలికి వచ్చి కోడలి మీదే దభీమని పడింది. ఇద్దరూ మట్టిలో, ముళ్ళలో ఒకరి మీద ఒకరు పడి ఉండగా, వెనక బాల్కనీ పెద్ద చప్పుడుతో ముందుకి వాలింది. కుర్చీ జారింది. పలకలు జారాయి. డబ్బాలు ఒకదాని వెంట ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి కింద వాకిట్లో పగిలిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత టీచరమ్మ గొంతు. అందరూ లోపలే ఉన్నారట, ఎవరికీ ఏమీ కాలేదట.

గుండీలమ్మ అత్త చేతులు, కాళ్ళు, తల తడిమి తడిమి చూసింది. దెబ్బ ఎక్కడా లేదు. అత్త గోడకి జారగిలబడి, బాల్కనీ ఉండాల్సిన చోటుకేసి చూస్తూ ఉండిపోయింది.

"అన్నీ పోయాయే" అంది చివరికి.

"పోతే పోయాయి అత్తయ్యా."

అత్త ఆమెకేసి తిరిగింది. "ఆ ముక్క మొన్నే అని ఉంటే, నేను ఆ ఎండలో అట్లా కూర్చునేదాన్నా? మోకాళ్ళ కోసమా కూర్చున్నాను? కళ్ళు తిరిగేవి. అయినా కూర్చున్నాను. ఒక్కసారి వచ్చి లోపలికి పిలుస్తావని కూర్చున్నాను."

 కోడలు అత్త ఒళ్ళో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త ఊరుకోబెట్టలేదు, అలాగని తోసెయ్యనూ లేదు. చాలాసేపటికి, నేల మీద పడి ఉన్న మొక్కలు ఆవిడ కంటబడ్డాయి.

"వేళ్ళు ఎండిపోతున్నాయే" అంది. "లేచి కాస్త తడిగుడ్డయినా కప్పు."

గుండీలమ్మ అత్త ఒళ్ళోంచి లేవలేదు.