విండోస్‌కి దొరికిన రిలీజు

ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతయ్యేది కాదు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాణ్ని. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కి, పైన నాకంటే ముందే వచ్చి నిలబడ్డ లిఫ్టును చూసి దానిమీద కోప్పడేవాణ్ని. ఒమన్‌లో ఇబ్రా అనే ఊళ్లో, ఒక టైపింగ్ ఆఫీసులో ఉద్యోగం. వీసా కాగితాలూ, లేబర్ కార్డుల అర్జీలూ, అరబ్బీలో కొట్టాల్సినవన్నీ జనం మా దగ్గరికి తెచ్చేవాళ్లు. కొట్టేది కడప నుంచి వచ్చిన మామ. (నాకు ఆయనేమీ మామ కాడు. ఆ దేశంలో వయసులో పెద్దవాళ్లంతా ఏదో ఒక వరస అయిపోతారు.) కంప్యూటర్ల బాగోగులు నావి. యజమాని ఒమనీ పెద్దాయన, అందరం అర్బాబ్ అనేవాళ్లం. ఆయన నన్ను 'ముహందిస్' అని పిలిచేవాడు, అంటే ఇంజినీరు. నేను పాలిటెక్నిక్‌లో సబ్జెక్టులు మిగుల్చుకుని విమానం ఎక్కానని ఆయనకు తెలీదు, తెలియజేయాల్సిన అవసరం నాకూ కనిపించలేదు.

అలాంటి నాకు మస్కట్‌లో, అజైబా వైపు ఒక పెద్ద కంపెనీలో పని ఉందని కబురొచ్చింది. చెప్పింది అక్కడే పనిచేసే కరీంనగర్ అన్న. జీతం కాస్త ఎక్కువే, కానీ నన్ను పడగొట్టింది జీతం కాదు. ఆ ఆఫీసులో మెడలో వేసుకున్న కార్డు చూపిస్తే అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంటుందట. మా ఆఫీసు తలుపు భుజంతో తోస్తే తప్ప కదిలేది కాదు. అయితే అప్పట్లో అక్కడ కంపెనీ మారాలంటే పాత యజమాని వదిలేస్తున్నానని రిలీజు కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంటికి పోయి రెండేళ్లు కూర్చోవాలి. నేను రెండు నిమిషాలు కూర్చోలేనివాణ్ని. రోజూ అర్బాబ్‌ను అడిగేవాణ్ని, ఆయన రోజూ 'ఇన్షా అల్లా' అనేవాడు. రోజూ అన్న ఫోన్ చేసేవాడు. "ఏమైంది తమ్మీ, పేపర్ అచ్చిందా? మా మేనేజర్ రోజు అడుగుతుండు. జల్ది చూడు."

చివరికి ఒకరోజు అర్బాబ్, "సరే, టైపు చేసి తీసుకురా, చూద్దాం" అన్నాడు. నేను పరిగెత్తుకెళ్లి మామ పక్కన నిలబడ్డాను. మామ మీట నొక్కాడు. కంప్యూటర్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఎండా దుమ్మూ కలిసి బోర్డును కాల్చేశాయి. అరబ్బీలో కొట్టే మెషీను అదొక్కటే. బయట జనం కాగితాలు పట్టుకుని నిలబడ్డారు, లోపల నా అద్దాల తలుపు మూసుకుపోతోంది.

మస్కట్ వెళ్లి అదే రకం బోర్డు వెతికి తెచ్చి బిగించాను. తెర వెలిగింది. నేను చంకలు గుద్దుకునేలోపే తెరంతా నల్లబడి, ఒక మూలన ఈ విండోస్ కాపీ అసలైనది కాదని అక్షరాలు వచ్చాయి. మామ కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఏంటికప్పా ఇంత యాతన? మా రూమ్‌లో పిల్లోని తాన దొంగ సీడీ ఉండాది. ఏసినామంటే అయిపాయె." నాకూ అదే మంచిదనిపించింది. కానీ అర్బాబ్ వింటే కదా. ఆయన రొక్కం పెట్టి కొన్న లైసెన్సు అది. పెట్టె పక్కనున్న లైసెన్స్ స్టిక్కర్ చెరిగిపోకుండా దానిమీద స్వయంగా టేపు అంటించుకున్న మనిషి. "కొన్నది నా దగ్గరుండగా దొంగది ఎందుకు? ఇది హరామ్" అన్నాడు. అర్బాబ్‌తో మాట్లాడేది అరబ్బీ కలిసిన హిందీలో, ఇక్కడ తెలుగులోనే చెబుతాను.

మరి ఎందుకిలా అయిందని అడిగాడు. ఎలా చెప్పాలో తోచక, మా ఆఫీసు భాషలోనే చెప్పాను. "అర్బాబ్, విండోస్ వీసా పాత బోర్డు మీద ఉంది. బోర్డు పోయింది కాబట్టి వీసా రద్దయింది. కొత్త బోర్డు మీదికి మారాలంటే వాళ్ల కంపెనీ రిలీజు ఇవ్వాలి." ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు కంప్యూటర్ ఆయనకు అర్థమైంది. "అయితే ఫోన్ చెయ్" అన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. తెరమీద గుంపులు గుంపులుగా అంకెలు, వాటిని చదివి వినిపించాలి. నేను గబగబా చదివి ఒక గుంపు మింగేశాను. మళ్లీ మొదటికి. ఈసారి జేబులో రెండో ఫోన్ మోగింది, అజైబా అన్న. తడబడ్డాను. మళ్లీ మొదటికి. అర్బాబ్ ఫోన్ తన ముందుకు జరుపుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో అంకె తీరిగ్గా, ప్రార్థన చెప్పినట్టు చదివాడు. అవతల నుంచి ఒక అమ్మాయి గొంతు హిందీలో, "ఈ కాపీ ఎన్ని కంప్యూటర్లలో ఉంది?" అని అడిగింది.

"ఒక్కదాంట్లోనే" అన్నాను.

"పాత బోర్డు పాడైందా, లేక ఇంకా మంచిది కావాలని మార్చారా?"

"కాలిపోయిందండీ."

"కాలిపోతే ఇదే లైసెన్సు పనిచేస్తుంది. మంచిదని మార్చుకుంటే మాత్రం కొత్తది కొనుక్కోవాలి" అని చెప్పి, ఆమె తిరిగి అంకెలు ఇచ్చింది. కొట్టాను. తెర మామూలు రంగుకొచ్చింది. అర్బాబ్ నా వీపు తట్టి ఖర్జూరాలూ, కహ్వా అనే అరబ్బీ కాఫీ తెప్పించాడు.

ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదనిపించింది. ఖర్జూరం గింజ నోట్లో ఉండగానే మామ చేత రిలీజు కొట్టించి ఆయన ముందు పెట్టాను. అర్బాబ్ పెన్ను తీశాడు. మూత తీశాడు. కాగితం మీద చెయ్యి ఆనించి తలెత్తాడు.

"ముహందిస్, ఒక్క మాట. నా దగ్గర ఏం కాలిపోయింది?"

నేను ఖర్జూరం గింజను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాను.

"జీతం ఆపానా? రూమ్‌లో ఏసీ లేదా? తిట్టానా?"

"లేదు అర్బాబ్."

"అంటే ఇంకా మంచిది కావాలి."

అద్దాల తలుపు గుర్తొచ్చి "అవును అర్బాబ్" అన్నాను.

"మరి ఆ అమ్మాయి ఏం చెప్పింది? కొత్తది కొనుక్కోవాలంది కదా" అని పెన్ను మూత పెట్టి, సాయంత్రం వేళ చేసే అస్ర్ నమాజుకు లేచి వెళ్లిపోయాడు. మామ ప్రింటర్ చాటున వంగి కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ నవ్వుతున్నాడు. "నీ వీసా కత నువ్వే చెప్తివి గదప్పా" అన్నాడు. నేను నవ్వలేదు. నిజంగా ఏడుపొచ్చింది. ఆ కాసేపట్లో గదిలో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో ఆ కార్పెట్టుకే తెలియాలి.

ఆయన తిరిగొచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు. ముద్ర కూడా వేశాడు. "రూలు చెప్పడం ఆ అమ్మాయి డ్యూటీ. నా డ్యూటీ అది కాదు" అన్నాడు. నేను ఆయనకు దణ్ణం పెట్టి, మెట్లు రెండేసి దిగి, రోడ్డు మీద నుంచే అజైబాకి ఫోన్ చేశాను. అన్న నా మాట పూర్తి కానివ్వలేదు. "తమ్మీ, ఇందాక గందుకే ఫోన్ జేసిన. ఆయిల్ రేట్లు పడ్డయి గద, కొత్తోళ్లను తీసుకునుడు బంద్ జేసిండ్రు."

మర్నాడు పొద్దున మా తలుపును భుజంతో తోసుకుని లోపలికి వెళ్లాను. కాగితం తీసి అర్బాబ్ బల్లమీద పెట్టాను. ఆయన దాన్నీ నన్నూ చూశాడు. సంగతి అర్థమైపోయింది, అయినా వదల్లేదు. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్‌లో అమ్మాయిలాగే గొంతు సన్నం చేసి, "నీ లేబర్ కార్డు నంబరు చదువు. మెల్లగా" అన్నాడు. చదివాను. జీవితంలో మొదటిసారి ఒక్క అంకె కూడా మింగలేదు.

"ఎన్ని చోట్ల ఇన్‌స్టాల్ అయ్యావు?"

"ఒక్కచోటే, అర్బాబ్."

ఆయన కాగితాన్ని సొరుగులో వేసి, "ఖలాస్, అంతే. పనిచేస్తుంది. పో, టీ తాగు" అన్నాడు. ఆ టీ చల్లారేదాకా ఆగి తాగానని మామ తర్వాత చాన్నాళ్లు అందరికీ చెప్పుకున్నాడు.

ఇప్పుడు మా తణుకులో చిన్న కంప్యూటర్ షాపు నాది. అద్దాల తలుపు పెట్టించాను, తోస్తేనే తెరుచుకుంటుంది. అప్పుడప్పుడూ ఎవరో బోర్డు మార్పించుకోవడానికి వస్తారు, ఫోన్ స్పీకర్‌లో పెట్టి అంకెలు మెల్లగా చదువుతాను. కానీ సాయంత్రం నాలుగైతే చాలు, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని, అర్బాబ్ నమాజు నుంచి వచ్చి చెప్పులు విప్పే చప్పుడు కోసం తలుపు వైపు చూస్తూ ఉండిపోతాను. ఎన్ని చోట్ల ఉన్నావని ఆయనే ఇప్పుడు అడిగితే, ఒక్కచోటే అని చెప్పలేను.