మైకులో నా పేరు

మొన్న వినాయకచవితికి ఆత్మకూరులో మా వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడిపోయాను. ఎరువుల కొట్టు, సెల్‌ఫోన్ల షాపు, ప్లాట్లు అమ్మేవాళ్ల ముఖాల మధ్య, కొత్తగా బ్యూటీ పార్లర్ పెట్టిన పిల్ల నవ్వుతూ కనిపించింది. వెనక ఆటో హారన్ కొడుతున్నా కదలబుద్ధి కాలేదు. ఎందుకో నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది.

నా పుట్టిల్లు ఉదయగిరి. అక్కడ మేనత్త దగ్గర కుట్టుపని నేర్చుకుని, పెళ్లయి ఈ వీధికి వచ్చిన కొత్తల్లోనే ముందు వసారాలో మిషను వేసుకున్నాను. బస్సు డిపోలో పనిచేసే మా ఆయన సరేనన్నారు. మామగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజుల్లో పల్లెల ఆడవాళ్లు మగ టైలరుకు కొలతలివ్వడానికి సిగ్గుపడి, పాత జాకెట్టు ఒకటి మొగుడి చేతికిచ్చి పంపి, వచ్చింది బిగుతైనా వదులైనా అదే తొడుక్కునేవారు. నేనొకదాన్ని ఉన్నానని వాళ్లకు తెలియదు, నాకేమో ఇరుగుపొరుగు చిరుగులు తప్ప పని లేదు. గిరాకీ లేని మిషను ఇంట్లో దేనికి, అమ్మేద్దామని అత్తగారు అప్పటికే అనేశారు.

చవితి వస్తే కొట్లవాళ్లు తలా ఒకటి ఇచ్చేవారు. ప్రసాదానికి బియ్యం మిల్లు వాళ్లది, పందిరి గుడ్డ బట్టల కొట్టు వాళ్లది. పండగ అయ్యేదాకా రోజూ సాయంత్రం పూజయ్యాక, పల్లెల జనం కూడా చేరాక, ఇచ్చినవాళ్ల పేర్లూ వాళ్ల వ్యాపారమూ మైకులో చదివేవారు. పందిరి చుట్టూ కుచ్చుల తెరలన్నీ నేను కుట్టిపెడతాను, నా కుట్టుపని సంగతి కూడా చెప్పండని కమిటీకి కబురు పంపాను. సరేనన్నారు. వేళ్లు బొబ్బలెక్కేలా కుట్టాను. తీరా ఆ సాయంత్రం అరుగు మీద చెవులు రిక్కించుకుని కూర్చుంటే, తెరలు ఇచ్చింది మా మామగారని చదివారు. ఆడమనిషి పేరు వీధిలో వినపడితే ఏం బాగుంటుందని కమిటీ పెద్దలు అనుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం మామగారికి అన్నం వడ్డిస్తూ, ఏనాడూ ఆయన ముందు గొంతెత్తని నేను అనేశాను.

“మామా, కుట్టింది నేను గదా. నా పేరే చెప్పించండి.”

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన మాత్రం మజ్జిగ పోసుకుని తిని, చెయ్యి కడుక్కుని, కండువా వేసుకుని వెళ్లిపోయారు. ఇంక నన్ను పుట్టింటికి పంపిస్తారేమోనని పొద్దు వాలేదాకా బిక్కుబిక్కుమంటూ ఉన్నాను.

సాయంత్రం మైకులో పేర్లు చదివే ఆయన గొంతు ఆగి, మా మామగారి దగ్గు వినిపించింది. నలుగురిలో మాట్లాడమంటే దూరంగా జరిగే మనిషి.

“ఆ తెరలు కుట్టింది నేను గాదు, మా కోడలు,” అని నా పేరు పలికి, “జాకెట్లు బాగా కుడతాది. ఆడోళ్లకి ఆడమనిషే కొలతలు తీస్తాది. మా ఇంటికి రండమ్మా,” అన్నారు.

కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆయన నన్ను “అమ్మాయ్” అని తప్ప పిలిచి ఎరుగరు. నా పేరు ఆయన నోట వినడం అదే మొదలు. అరుగు మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు.

పండగ దాటకముందే అనుమసముద్రంపేట వైపు నుంచి, మేకలు పెంచుకునే ఇంటి తోడికోడళ్లిద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చారు. వాళ్లు చెప్పగా ఇంకొందరు. మిషను అమ్మే మాట అత్తగారు మళ్లీ ఎత్తలేదు సరికదా, గుండీలు తనే కుట్టసాగారు.

ఇప్పుడు ఆ పేర్లన్నీ నెల్లూరు స్టూడియోలో రికార్డు చేయించి తెస్తారు, అందరివీ ఒకే రాగంలో వినిపిస్తాయి. ఒకరి కోసం ఒకరు నోరు తెరిచి చెప్పడం తగ్గింది, ఎవరి మాట వాళ్లే ధైర్యంగా చెప్పుకునే రోజులు వచ్చాయి. ఏది మేలని అడిగితే ఈ రోజులే మేలంటాను. కాకపోతే ఆ రోజులూ చూసినవాళ్లం గనక, అప్పుడప్పుడూ మన మనసు అటు లాగుతుంది.