కృతజ్ఞతా కూడిక తర్వాత వచ్చిన రిపోర్టు

ఈస్టర్ వెళ్లి రెండు వారాలైంది. ఆ సోమవారం పొద్దున మా ఆయన మేకు, సుత్తి పెట్టుకుని బెల్టుకు ఇంకో బెజ్జం కొడుతున్నారు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాల నలభై రోజులూ ఆయన సాయంత్రం ఒక్కపూటే తింటారు. ఏటా చిక్కిపోతారు, ఈస్టర్ అయిన వారానికల్లా తేరుకుంటారు. అందుకే ఆయన చిక్కిపోతుంటే ఇంట్లో నేను పట్టించుకోలేదు. చర్చిలో అయితే ఉపవాసం బాగా చేశారని మెచ్చుకున్నారు కూడా. కానీ ఇప్పుడు మూడు పూటలా తింటున్నా నడుము తగ్గుతూనే ఉంది.

మా ఆయన తిరుపతిలో వేరుశనగ మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. ఒక రకం పువ్వు పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు ఫోర్సెప్స్‌తో అంటించి కొత్త రకాలు తయారు చేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక చిత్తూరు పక్క పల్లెలకు పోయి రైతుల చేలు చూసి వచ్చేవారు. మిగిలిన టైమంతా మా అమ్మాయి బ్లెస్సీది. నాకేం మిగిలేదో నేనూ అడగలేదు.

ఆ వారమే ఆయన చేలో నిలబడలేక కూర్చుండిపోయారని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆస్పత్రిలో రక్తం పరీక్షిస్తే పదమూడు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడున్నరే ఉంది. శ్రమ దినాలు కదా, ఉపవాసం వల్ల అనుకున్నామని డాక్టరుతో చెప్పాం. "ఉపవాసంతో ఇంత పడదు సార్" అన్నారాయన. మా ఆయన తల ఊపి ఆ అంకె జేబు పుస్తకంలో రాసుకున్నారు. స్టూల్ టెస్ట్, కొలనోస్కోపీ, సీటీ స్కాన్ అయ్యాయి. పెద్దపేగులో కుడివైపు గడ్డ ఉంది, క్యాన్సరేనన్నారు. నాకు ఏడుపు రాలేదు. టోకెన్ నంబర్లు పిలుస్తుంటే వింటూ కూర్చున్నాను.

ఆపరేషన్ చేసి సర్జన్ బయటికి వచ్చారు. "గడ్డ మొత్తం తీసేశాం. బయాప్సీ వచ్చాక మిగతాది మాట్లాడదాం" అన్నారు. మేమందరం మొదటి మాటే విన్నాం. ఇంటికి వచ్చిన ఆదివారమే చర్చి సంఘం కృతజ్ఞతా కూడిక పెట్టింది. మా ఆయన సంఘ పెద్ద. కుట్ల మీద చేయి అదిమిపెట్టుకుని లేచి, దేవుడు తనను పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పారు. తర్వాత అందరికీ బిర్యానీ. నేనే వడ్డించాను.

గురువారం రిపోర్టు వచ్చింది. రెండు లింఫ్ నోడ్స్ పాజిటివ్, అంటే క్యాన్సర్ వాటికీ పాకింది, స్టేజ్ త్రీ. కీమో ఎనిమిది సైకిల్స్ పడుతుందని, ఆపరేషన్ అయిన రెండు నెలల్లోపే మొదలుపెట్టాలని ఆంకాలజిస్ట్ మేడమ్ చెప్పారు. ఆయన సరేనన్నారు. ఇచ్చిన డేటు రెండుసార్లు వాయిదా వేయించారు. భయం కాబోలు అనుకున్నాను. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు.

"అంతమంది ముందర నిలబడి బాగైపోయిందని చెప్పినాను సుగుణా. ఇప్పుడు పోయి కీమో ఎక్కించుకుంటే నా మాట అట్లుండనీ, దేవుని పేరు నవ్వులపాలైతాది."

నాకు ఒళ్లు మండింది. ఆఫీసులో ప్రయోగం తప్పితే తప్పిందని అందరికంటే ముందు తనే రాసి సంతకం పెట్టే మనిషి ఈయన. చర్చిలో చెప్పిన మాట మాత్రం సరిదిద్దుకోలేకపోయారు. ఆపరేషన్ అయి ఆరో వారం వచ్చింది. ఇంకా ఇంట్లోనే ఉన్నారు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో మా పాస్టరు అయ్యగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఇన్నేళ్లలో ఆ చర్చిలో నేను పాట పాడడం తప్ప నోరు తెరిచింది లేదు. లేచి నిలబడ్డాను.

"మా ఆయనకు ఇంకా తగ్గలేదు. జబ్బు ఇంకా ఉండొచ్చంట, కీమో చేయించుకోవాల. మీకందరికీ బాగైందని చెప్పినానే అని సిగ్గుపడి పోకుండా ఉండారు. ఆ సిగ్గు మీరే తీసేయాల."

బ్లెస్సీ నా కొంగు పట్టుకుంది. ఆయన తల ఎత్తలేదు. అయ్యగారు దిగివచ్చి ఆయన పక్కన బెంచీలో కూర్చున్నారు.

"తొందరపడి కూడిక పెట్టింది నేను సార్. ఎప్పుడు పోవాల్నో చెప్పండి, నేనూ వస్తాను."

ఆ రోజూ, మర్నాడూ మా ఆయన నాతో మాట్లాడలేదు. మంగళవారం ఫైలు తీసుకుని ఆటో ఎక్కారు. నేనూ ఎక్కాను.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించాక చల్లనీళ్లు తగిలితే చేతులకు షాక్ కొట్టినట్టుండేది. ఐదో సైకిల్‌కు ప్లేట్‌లెట్స్ పడిపోతే రెండు వారాలు ఆపి, డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఎనిమిదీ అయ్యేసరికి వేళ్ల కొసల్లో స్పర్శ పోయింది. కొందరికి పూర్తిగా తిరిగి రాదని మేడమ్ ముందే చెప్పారు.

ఇప్పటికి రెండేళ్లు. మొన్నటి స్కాన్ బాగుంది. వేళ్లు అలాగే ఉన్నాయి. ఫోర్సెప్స్ జారిపోతుందని పువ్వుల పని తోటివాళ్లే చేస్తారు, ఆయన పక్కన స్టూలు వేసుకుని ఏది దేనికి అంటించాలో చెబుతారు. చొక్కా గుండీలు నేను పెడతాను. అప్పుడు గడ్డం కొంచెం పైకెత్తి నిలబడతారు. ఆ ఆదివారం నేను చేసింది మంచిదో కాదో ఆయన ఇంతవరకు అనలేదు.

మీలో ఎవరింట్లోనైనా ఆపరేషన్ అయితే, బయాప్సీ రిపోర్టు చేతికొచ్చేదాకా బాగైపోయిందని ఎవరికీ చెప్పకండి. ఇప్పటికే చెప్పేసి ఉంటే, తగ్గలేదని మళ్లీ పోయి చెప్పండి. రోగి చెప్పలేకపోతే ఇంట్లోవాళ్లు చెప్పాలి, అది కూడా డాక్టరు ఇచ్చిన గడువు దాటకముందే. ఆ మనిషి మీతో కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. మనిషంటూ ఉంటేనే కదా మాట్లాడకపోయేది.