అన్న చేసిన కళ్లం

ఆ ఏడు కోసిగిలో ఎండ ఎంతంటే, కాకులు నీడ కోసం ఒకదాని కింద ఒకటి ఎగిరేవి. కొర్ర చేను మళ్లీ ఎండింది. నేల తడిపి, రాతి గుండు తోలి, పంట నూర్చుకునే కళ్లం చేసి ఎన్నాళ్లయిందో! మా అన్నకు అప్పటికే దగ్గు ముదిరింది. "ఇంగొక్కతూరి కళ్లం నిండా గింజలు సూసి పోతే సాలురా" అనేవాడు.

కూలికని ఇద్దరం మద్రాసు రైలెక్కాం. కోసిగిలో ఎత్తిన కాలు గుంతకల్లు దాటాక గానీ పెట్టెలో కింద ఆనలేదు.

అక్కడ పెద్ద క్రికెట్ మైదానం చుట్టూ జనం కూర్చోవడానికి మెట్లు కడుతున్నారు. నాకు ఇటుకలు మోసే పని. అన్నకు నడిమధ్య నేల తడిపి, మా ఊరి గుడంత ఇనప గుండు లాగే పని. నున్నబడ్డ ఆ నేలను చూసి అన్న చెప్పులు దూరంగా విడిచేశాడు.

"కళ్లం రా ఇది!"

"ఈడ ఆట ఆడతారంటన్నా."

"పోరా ఎగతాళోడా! ఇన్ని మెట్లు కట్టి కూసుండేది ఉత్త నేల సూడనీకా? యాడిదో శానా పెద్ద పంట వస్తాండాది."

మా వైపు కళ్లాన్ని చెప్పులతో తొక్కరు, కొత్త కళ్లాన్ని ఉత్తగా ఉంచరు. పంట పొంగాలని "పొలి పొలి" అని అరుస్తూ పిడికెడు గింజలు చల్లుతారు. అన్న పంచె కొంగున ముడేసుకొచ్చిన విత్తనపు కొర్రలు చల్లేశాడు. తెల్లారేసరికి మద్రాసు పిచ్చుకలన్నీ, చుట్టపుచూపుగా వచ్చిన పక్క జిల్లా పిచ్చుకలతో సహా, అక్కడే దిగాయి. మేస్త్రీ ముందు వాటిని తోలాడు, తర్వాత మమ్మల్ని.

ఊరికొచ్చాక అన్న మంచం దిగలేదు. వానా దిగలేదు. చలికాలంలో ఆ మైదానంలోనే మ్యాచి అని తెలిసి, అన్నను మంచంతో సహా మా ఊరి హోటలు ముందుకు, రేడియో వినబడేచోటికి మోసుకెళ్లాం. ఏనుగును ఎత్తబోయేవాడిలా నడుం బిగించాను. ఎత్తాక తెలిసింది, బరువంతా మంచానిదే.

రేడియోలో ఎవరో గడగడా ఇంగ్లీషు దంచుతున్నాడు. ఉన్నట్టుండి వేల గొంతులు గుప్పుమన్నాయి.

"అదేం సప్పుడురా?"

అబద్ధానికి నా జన్మలో తడుముకున్నది అప్పుడే.

"పొలి అంటాండారన్నా."

"ఎంత పండిందంట?"

"కళ్లం పట్టలేదంట. మెట్ల మీద గుడక పోసినారంట."

అన్న నవ్వబోయి దగ్గాడు. "సెప్పులు ఇడిసి తొక్కుతాండారో లేదో అడుగు."

హోటల్లోకి వెళ్లి, రేడియోను నిజంగా అడుగుతున్నట్టే కాసేపు నిలబడి వచ్చాను.

"అందరూ ఇడిసినారంటన్నా."

అన్న పలకలేదు, దగ్గనూ లేదు. వంగి చెవిలో మళ్లీ చెప్పాను. రేడియోలో జనం ఇంకా పొలి అంటూనే ఉన్నారు.