మంగుకి మందు

ఆకివీడులో మా చేపల చెరువు గట్టు మీద ఎండకు నా బుగ్గలకు మంగు పట్టింది. ఏలూరులో చర్మ డాక్టరుగారు పీలింగా, లేజరా అని అడిగారు. మొదటిది మందు పూసి పైపొర ఊడగొట్టడం, రెండోది వెలుగుతో కాల్చడం. పీలింగే అన్నాను.

“ఇదివరకు ముఖానికి ఏమైనా రాశారా అండీ?”

“పసుపు తప్ప ఏమీ లేదండీ.”

అబద్ధం. మెడికల్ షాపులో దొరికే తెల్లబడే ట్యూబును మా వీధి ఆడవాళ్ళందరం రెండేళ్ళుగా పౌడరులా రాసుకుంటున్నాం. చెబితే చీవాట్లు పెడతారని దాచేశాను.

నేను బల్ల మీద పడుకున్నాక, బ్రష్షు మందులో ముంచుతూ డాక్టరుగారు నర్సుతో అన్నారు: “ట్యూబులు రాసినవాళ్ళ చర్మం పల్చబడిపోతుందమ్మా. వాళ్ళకిది పూస్తే కాలిపోతుంది. ఈవిడ నయం.”

చెబుదామని నోరు తెరిచాను. ఈలోపే బ్రష్షు చల్లగా బుగ్గకు తగిలింది.