మార్తమ్మ చేతిలో విజిల్

2023 జనవరి. కోవిడ్ తెరిపి ఇచ్చాక, దక్షిణ అండమాన్ పడమటి తీరంలో బడిపిల్లల కోసం మేం నడిపే ప్రకృతి శిబిరం మళ్లీ గాడిలో పడుతున్న రోజులవి. పిల్లల్ని సముద్రం అంచుకు తీసుకెళ్లి, అక్కడ బతికే జీవాల్ని తాకకుండా, తొక్కకుండా చూడడం నేర్పడం నా పని. మా శిబిరంలో పిల్లలు ఎదురుచూసేది ఇంటర్‌టైడల్ వాక్ కోసం. పున్నమికీ అమావాస్యకీ సముద్రం మామూలుకంటే చాలా దూరం వెనక్కి తగ్గుతుంది. అప్పుడు బయటపడే రాతి నేల మీద, మడుగుల మధ్య నడిచి నక్షత్ర చేపల్నీ పీతల్నీ చూస్తాం. నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో, ఎప్పుడు తిరిగొస్తాయో టైడ్ చార్ట్ అనే పట్టిక ముందే చెబుతుంది.

ఆ నెల రావలసిన బడి టీచరు ఫోన్ చేసి, "ఒక పిల్లతో చిన్న సమస్య మేడం. హోప్ టౌన్ అమ్మాయి, దీవెన. నీళ్ల దగ్గరికి పంపేది లేదని వాళ్ల నానమ్మ పట్టుబట్టింది. తనని ఒడ్డున కూర్చోబెడదాం" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ద్వీపంలో పుట్టిన పిల్లని ఒడ్డున కూర్చోబెట్టడానికి శిబిరం ఎందుకు? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఆయన ఎప్పుడూ దెప్పుతుంటాడు. మర్నాడే ఫెర్రీ ఎక్కి హార్బర్ దాటి హోప్ టౌన్ వెళ్లాను.

దీవెన ఎనిమిదో తరగతి. నన్ను చూడగానే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. "దీదీ, మా కిటికీలోంచి రోజూ సముందరం కనిపిస్తది. పైపైన చూసి చూసి బోర్ కొట్టేసింది. కింద ఏముందో ఒక్కసారైనా చూడాలి" అంది. లోపల వాళ్ల నానమ్మ మార్తమ్మ చేపలు తోముతోంది. చేతులు కడుక్కుని, నాకు టీ పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నీళ్లు ఎనక్కి పోయినప్పుడే కదా తల్లీ, మీరు పిల్లల్ని దింపేది?"

"అవునమ్మా."

"అయితే నాను పంపను. బస్. టీ తాగి ఎల్లు."

టీ తాగాను గానీ వెళ్లలేదు. కాసేపటికి ఆవిడే చెప్పింది. 2004 సునామీ నాటికి వాళ్లు దక్షిణాన ఇంకో ద్వీపంలోని హట్ బేలో ఉండేవారట. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది. ఆ తర్వాత సముద్రం వెనక్కి పోయింది. చేపలు బురదలో కొట్టుకుంటుంటే ఏరుకుందామని జనం దిగారు. వాళ్లలో ఆవిడ తమ్ముడు కూడా ఉన్నాడు. మళ్లీ కనబడలేదు.

నా సంచిలో టైడ్ చార్ట్ ఉంది. వచ్చేటప్పుడు అది తీసి చూపిస్తే పనైపోతుందనుకున్నాను. ఇప్పుడు తీయడానికి చెయ్యి రాలేదు. సంచి అంచున పైకి పొడుచుకొచ్చిన ఆ పట్టిక ఆవిడకు కనబడనే కనబడింది.

"ఆ పొద్దు సంగతి కూడా నీ కాయితంలో ఉందేటి?"

"ఉండదమ్మా. భూకంపం వచ్చేది ఏ కాగితమూ చెప్పదు. చార్ట్ చెప్పే ఆటుపోట్లలో నీళ్లు మెల్లగా తగ్గి, మెల్లగానే వస్తాయి. భూమి కదిలినా, చార్ట్ చెప్పని వేళ నీళ్లు తగ్గినా గుట్టెక్కాలి, చేపల కోసం దిగకూడదు. పిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పేది అదే."

"నేర్పుతావు, సరే. ఆటలో పడ్డ పిల్లలు పిలిత్తే ఇంటారా?"

మెడలో వేలాడే విజిల్ తీసి ఆవిడ ముందు పెట్టాను. "ఒడ్డున మీరే నిలబడండి. ఇది ఊదితే అందరూ వెనక్కి రావాలి, నాతో సహా. ఎందుకని ఎవరూ అడగకూడదు."

"నానెప్పుడూదినా?"

"ఎప్పుడు ఊదినా."

ఆవిడ విజిల్‌ను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. దీవెన నానమ్మ చేతినే చూస్తూ నిలబడింది. "ఠీక్ హై. నానూ వత్తాను" అంది మార్తమ్మ చివరికి.

శిబిరం రోజున టీచరు మొహం ముడుచుకున్నారు. "ప్రోగ్రామంతా ఆ ముసలావిడ చేతిలో పెట్టేశారా మేడం?" అన్నారు. పెట్టేశాననే చెప్పాను. మధ్యాహ్నం నీళ్లు బాగా తగ్గాక, పిల్లలచేత విజిల్ నియమం రెండుసార్లు చెప్పించి, రాళ్ల మీదికి దింపాను. మార్తమ్మ ఎండలో చీర చెంగు నెత్తిన కప్పుకుని, విజిల్ పిడికిట్లో పట్టుకుని నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

దీవెన మొదట రాయి రాయికీ ఆగి ఒడ్డుకేసి చూసింది. తర్వాత చూడడం మానేసింది. ఒక మడుగు దగ్గర వంగి, "దీదీ, జల్దీ రండి!" అని కేక పెట్టింది. రాతి సందులోంచి చిన్న ఆక్టోపస్ ఒకటి మెల్లగా బయటికి వస్తోంది. ఇన్నేళ్లలో నేను పిల్లలకు చూపించగలిగిన ఆక్టోపస్‌లు చాలా తక్కువ. అందరూ చుట్టూ చేరారు.

అప్పుడే విజిల్ మోగింది.

సముద్రం వైపు చూశాను. ఎక్కడో దూరంగా ఉంది, ఇంకా తగ్గుతూనే ఉంది. ఒళ్లు మండింది. "పానీ తో బహుత్ దూర్ హై, దీదీ!" అన్నాడు ఒకడు. నిజమే, నీళ్లు చాలా దూరంలోనే ఉన్నాయి. కానీ మాటిచ్చింది నేను. "ఎందుకని అడగకూడదన్నాం కదా. పదండి" అన్నాను. అందరికంటే ముందు వెనుదిరిగింది దీవెన. ఆక్టోపస్ వైపు ఒక్కసారి చూసి, పెదవి కొరుక్కుని ఒడ్డుకు నడిచింది. మిగతావాళ్లు గొణుక్కుంటూ వెనక వచ్చారు.

మార్తమ్మ ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి చూసుకుంది. నా తలనూ వదల్లేదు. తర్వాత సముద్రం వైపు గడ్డం ఎగరేసి, "ఎల్లండి. మళ్లీ ఊదితే మళ్లీ రావాల" అంది.

మేం తిరిగి వెళ్లేసరికి ఆక్టోపస్ లేదు. దాని గూటి ముందు తిని పారేసిన గవ్వచిప్పల కుప్ప మాత్రం ఉంది. దీవెన అక్కడే గొంతుక్కూర్చుంది. తోటివాళ్లు పీతల వెంట పోయినా కదల్లేదు. చాలాసేపటికి సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఇంకో చిప్పను కుప్ప మీదికి తోసేసి లోపలికి పోయింది. ఆ పిల్ల నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండోసారి విజిల్ నీళ్లు తిరిగొచ్చే వేళకే మోగింది. ఈసారి ఎవరూ గొణగలేదు.

బస్సు ఎక్కేముందు మార్తమ్మను అడగకుండా ఉండలేకపోయాను. "మొదటిసారి ఎందుకు ఊదారమ్మా? నీళ్లు అంత దూరంలో ఉన్నాయి కదా."

"నీళ్ల కోసం కాదు తల్లీ. పిలిత్తే వత్తారో రారో సూద్దారని." పిడికిట్లోని విజిల్‌కేసి చూసుకుంది. "ఆ పొద్దు మా తమ్ముణ్ని పిలిసి పిలిసి నా గొంతు పోనాది. ఆడికి ఇనబళ్లేదు."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడే నా వీపు తట్టి బస్సెక్కింది.

పిల్లల్ని సముద్రం వైపు నడిపించడం నాకు ముందే వచ్చు. పిలవగానే వెనక్కి రావడం అలవాటు చేశాకే నడిపించాలని నాకు నేర్పింది మార్తమ్మ. అప్పటినుంచి మా ప్రతి శిబిరంలోనూ నడక మంచి పాకాన పడ్డ వేళ, ఏ కారణమూ లేకుండా ఒకసారి విజిల్ మోగుతుంది. ఊదేది పిల్లల ఇళ్లనుంచి వచ్చిన ఒక పెద్ద. అందరూ ఒడ్డుకొచ్చి, తల మీద చెయ్యి వేయించుకుని మళ్లీ వెళతారు.

ఆ విజిళ్లన్నీ తర్వాత కొన్నవే. మొదటిది మార్తమ్మ తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.