మంచాల షాపులో మధ్యాహ్నాలు

దేశం కాని దేశంలో, చుట్టూ సముద్రమున్న దీవిలో కాపురమంటే చుట్టాలంతా కుళ్ళుకున్నారు. ఈ వ్యాను డ్రైవరు పెళ్ళానికి మాత్రం సముద్రం కన్నా మంచాల షాపే బాగా తెలుసు. పొద్దెక్కేసరికి రేకుల కప్పు కింద వాళ్ళ అద్దెగది పెనంలా కాలుతుంది. ఏసీ గది తీసుకునే తాహతు లేదు. అందుకని చంటివాణ్ణి చంకనేసుకుని, నాలుగేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని, రోజూ వీధి చివర ఏసీ ఉన్న ఆ మంచాల షాపుకి వెళ్తుంది. నిజంగా కొనేదానిలా మంచాల కోళ్ళు తట్టి, పరుపులు నొక్కి చూస్తుంది. వాచ్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. "ఎక్కకే, తిడతారు!" అని పిల్లను లాక్కుంటూ ఎండ తగ్గేదాకా తిరిగేసరికి కాళ్ళు పీకేస్తాయి.

ఆ సాయంత్రం గదికి రాగానే అక్క ఫోన్ చేసింది. పిల్ల ముందుగా లాక్కుంది.

"ఏమ్మా బంగారం, మీ ఇల్లెలా ఉంది?"

"మాకు రెండిళ్ళు పెద్దమ్మా. ఒకటి చల్లగా ఉంటుంది. బోలెడు మంచాలు!"

"అబ్బో! ఇంకేం, హాయిగా దొర్లుతున్నారన్నమాట."

"ఊహూఁ, అక్కడ కూర్చోకూడదు. పడుకోవాలంటే వేడింటికి రావాలి."

అక్క నవ్వు ఆగిపోయింది. "అమ్మకివ్వు తల్లీ," అంది.

తల్లి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"అమ్మ పడుకుంది పెద్దమ్మా," అంది పిల్ల.

పిల్ల మాట అబద్ధం కానివ్వకూడదన్నట్టు, ఆమె చంటివాడి పక్కనే గచ్చు మీద వాలి కళ్ళు మూసుకుంది.